యానాం కుక్క రక్తం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక కుక్క రక్తానికి యమ గిరాకీ ఉండేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. యానాంలో ఫ్రెంచి దొరలు వదిలి వెళ్ళిన వేటకుక్కల సంతతి ఏదో లారీల వెంట పడి రామచంద్రపురం దాకా వచ్చిందనీ, ఆ కుక్క పిల్లలు సామాన్యమైనవి కావనీ మా వాళ్ళు గట్టిగా నమ్మేవారు. ఆ దొర కుక్కను కళ్ళతో చూసినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. చూడకపోతేనే నమ్మకం గట్టిగా ఉంటుందేమో.

మా నాన్నగారు పోలవరం అవతల ఏజెన్సీ బడిలో పనిచేసేవారు. అక్కడ నాకు చదువు సాగదని నన్ను మా అమ్మమ్మ దగ్గర ఉంచారు. మా ఇల్లు కాలువ గట్టు కింద, లూథరన్ చర్చికి వెనక, మా పేటలో ఉండేది. ఆ యేడు వర్షాల ముందు ఒక ఊరకుక్క మా గడ్డివాము సందులో పిల్లల్ని పెట్టింది. రెండే బతికాయి. రెండూ గోధుమ రంగువే, రొమ్ము మీద తెల్ల మచ్చ, పొడుగాటి మూతి, సన్నటి నడుము. ఆ మూతి చూసి ఎవరో 'ఇది యానాం రక్తమే' అనేశారు. అంతే, నిన్నటిదాకా రాళ్ళు విసిరిన ఊరకుక్క గుమ్మం ముందుకి ఆ వేళ నుంచి పెద్దమనుషులు రావడం మొదలైంది.

వాటిలో బలమైనదాన్ని కొబ్బరి కొట్టు పెద్దాయన పట్టుకుపోయారు. ఊరికి ఆయన మాటంటే మాటే. కాలువ పక్కన ఆయన కొట్టు ముందు కొబ్బరికాయలు రాశులుగా పోసి ఉండేవి, వాటికి కాపలా కావాలి. ఆ కుక్కకి టైగర్ అని పేరు పెట్టారు. మిగిలినదాన్ని నేను ఒళ్ళో పెట్టుకుని ఏడిస్తే మా అమ్మమ్మ ఉంచుకోనిచ్చింది. ముడుచుకుని పడుకుంటే గుండ్రంగా, ఎర్రగా వేగినట్టు ఉండేదని నేను బూరె అని పిలిచాను. ఆ పేరుకి ఊరంతా నవ్వింది. దొరగారి వేటకుక్కకి తద్దినం పిండివంట పేరేంటని ఆటపట్టించేవారు.

కాపలా కుక్కను పెంచడానికి మా వైపు ఒక పద్ధతి ఉండేది. నలుగురి ముఖం చూస్తే కుక్క మెత్తబడిపోతుందని పగలంతా చీకటి కొట్లో ఉంచేవారు. పౌరుషం రావాలని అన్నంలో ఎండుమిరపకాయలు నూరి కలిపేవారు. దగ్గరకు తీస్తే పాడైపోతుందని చెయ్యి వేసేవారు కాదు. పెద్దాయన ఈ మూడూ తప్పకుండా చేశారు. కాస్త పెద్దయ్యాక దాన్ని కొట్టు ముందు గుంజకు గొలుసుతో కట్టారు. గొలుసు ఎంత దూరం వెళితే అంత దూరం అది తిరిగి తిరిగి, గుంజ చుట్టూ గడ్డిపోచ లేకుండా నేల అరిగిపోయింది. అన్నం సత్తు పళ్ళెంలో వేసి, పొడుగాటి వెదురు గెడతో ఆ అరిగిన నేలలోకి నెట్టేవారు. అది మొరిగితే నలుగురిలో ఆయనకి గర్వంగా ఉండేది. దారిన పోయే పిల్లలు భయపడి పరిగెడితే ముసిముసిగా నవ్వేవారు.

మా బూరె సంగతి వేరు. అలాగని మా అమ్మమ్మ దాన్ని ముద్దుచేసి నెత్తికెక్కించుకున్న మనిషి కాదు. ఆవిడ నన్నే ముద్దుచెయ్యలేదు, కుక్కనెక్కడ చేస్తుంది. ఆదివారం బడిలో పిల్లలకి కథలు చెబుతూనే అల్లరి చేసినవాడి చెవి పట్టుకునే మనిషి. బూరె ఒకసారి పక్కింటివాళ్ళ కోడిపెట్టను నోట కరుచుకొస్తే దాన్ని కొట్టలేదు గానీ, ఆ తర్వాత చాలా రోజులు వదిలిపెట్టకుండా తాడు చేత్తో పట్టుకుని కోళ్ళ మధ్యనే తిప్పింది. ఇంటికి పసిపిల్లలు వస్తే ముందు బూరెను కూర్చోబెట్టి, తర్వాతే పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది. చర్చికి వెళ్ళేటప్పుడు కట్టేసి వెళ్ళేది. నాకు జాలేసి ముడి విప్పబోతే, "కుక్కని పెంచడమంటే అన్నం పెట్టడం ఒక్కటే కాదే. దాని పళ్ళకి మనం పూచీ" అనేది.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం బడి గంట కొట్టారు. నా పక్కన కూర్చునే స్నేహితురాలి వాళ్ళ నాన్న కొబ్బరి కొట్టులోనే కాయలు ఒలిచేవాడు. ఆయనకి అన్నం కేరియరు ఇచ్చి రావడం దాని పని. నేను కాలువ వంతెన దాకా దానితో వెళ్ళి, అక్కడ నిలబడ్డాను. టైగర్ అంటే నాకు హడల్. నా స్నేహితురాలు మాత్రం రోజూ వెళ్ళే దారే కదా అని అరిగిన నేలకి దూరంగా, గోడ వెంట నడుచుకుంటూ వెళ్ళింది. గుంజ కుళ్ళి కదులుతోందని ఒలుపు వాళ్ళు పెద్దాయనకి అంతకుముందే చెప్పారట. కుక్క అంటే ఊరికి భయం ఉండాలి గానీ గుంజదేముందిలే అన్నారట ఆయన.

ముందు గొలుసు ఈడ్చుకుంటున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఆగకుండా దగ్గరకు వస్తుంటే నాకు అర్థమైంది, టైగర్ ఆ అరిగిన నేల దాటిందని. కేరియరు గిన్నెలు దొర్లిపోయాయి. నా స్నేహితురాలు కింద పడింది. ఒలుపు వాళ్ళు గునపాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి విడిపించేసరికి ఆ పిల్ల పిక్క నుంచి రక్తం ధారగా కారుతోంది. నాకు ఇప్పటికీ వింతగా తోచేది ఒకటుంది. అంతమంది తరుముతుంటే టైగర్ పొలాల్లోకి పారిపోలేదు. ఊడొచ్చిన గుంజను ఈడ్చుకుంటూ మళ్ళీ ఆ అరిగిన నేలలోకే పోయి, మధ్యలో ముడుచుకుని పడుకుంది. వేరే చోటు ఉందని దానికి తెలియదు.

పిల్లను బండి మీద వేసుకుని రామచంద్రపురం ఆస్పత్రికి పరుగు తీశారు. ఆ రోజుల్లో కుక్క కాటంటే బొడ్డు చుట్టూ సూదులు. పిచ్చెక్కిన కుక్క కరిచి, నీళ్ళు చూస్తే వణికిపోతూ ప్రాణం వదిలిన మనిషిని మా ఊళ్ళో పెద్దవాళ్ళు చూసి ఉన్నారు. అందుకే ఆ భయం ఉత్త భయం కాదు. కరిచిన కుక్కకి పిచ్చి ఉందో లేదో తెలియాలి కాబట్టి కొన్నాళ్ళు చంపకుండా కట్టేసి చూడమని డాక్టరు చెప్పి పంపారు. టైగర్‌ను కొత్త గుంజకి కట్టారు.

సాయంత్రానికల్లా ఊళ్ళో మాట మారిపోయింది. పెద్దాయన అరుగు మీద కూర్చుని, తన పెంపకంలో లోపం లేదనీ, యానాం జాతి కుక్కల రక్తమే అంతనీ, మనిషి మాంసం రుచి వాటికి పుట్టుకతోనే తెలుసనీ చెప్పడం మొదలుపెట్టారు. మొన్నటిదాకా ఆ రక్తం తన గుమ్మంలో ఉందని మీసం తిప్పిన మనిషే. ఊరికి ఆ మాట బాగా నచ్చింది. తప్పు కుక్కదైతే మనుషులెవరూ మొహాలు చూసుకోలేని పరిస్థితి రాదు కదా. మరి అదే కడుపున పుట్టిన కుక్క ఇంకోటి పేటలో తిరుగుతోందని ఎవరో గుర్తు చేశారు. టైగర్‌ను చంపడానికి డాక్టరు మాట అడ్డు. బూరెకి ఏ అడ్డూ లేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. ప్రెసిడెంటుగారు, పెద్దాయన, కర్రలు పట్టుకున్న మగవాళ్ళు, వాళ్ళ వెనక చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. ఒకతని చేతిలో ఉరి వేసిన కొబ్బరి తాడు ఉంది. ఆ తాడు చూసి నేను బూరెను లాక్కుని నులకమంచం కింద దూరాను. దాని గుండె నా చేతి కింద దడదడ కొట్టుకుంటోంది. నాదీ అంతే. ఆ క్షణాన ఊళ్ళో ఉన్న మనుషులందరినీ నేను అసహ్యించుకున్నాను, ఆ మాట దాచడమెందుకు.

మా అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ప్రెసిడెంటుగారు మర్యాదస్తుడు, మెల్లగానే చెప్పారు. పిల్లలున్న ఊరు, ఈ రోజు ఒకటి కరిచింది, రేపు ఇది కరవదని ఎవరు చెప్పగలరని అడిగారు. వెనక నుంచి ఒకావిడ, విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంది. అమ్మమ్మ ఎవరినీ తిట్టలేదు. ఆవిడ తిట్టకపోతేనే నాకు భయం.

"విత్తు ఒకటేనండి, కాదన్లేదు" అంది. "ఒక మొక్కకి నీళ్ళు పోశాం. రెండో మొక్కకి వేణ్ణీళ్ళు పోశారు. రక్తమే కరిచిందంటున్నారు కదండీ. అయితే రక్తాన్నే అడుగుదాం. రెండు కుక్కలూ ఉన్నాయి, పెంచినవాళ్ళం ఇద్దరం ఉన్నాం. ఎవరి కుక్కకి వాళ్ళు అందరి ముందూ చేత్తో ఒక ముద్ద పెడదాం. మాది పళ్ళు చూపించిందంటే ఆ తాడు నేనే పట్టుకుంటానండి."

జనంలో గుసగుసలు బయలుదేరాయి. ఆ పందెంలో ఎంత ప్రమాదం ఉందో నాకు అప్పుడే తెలిసింది. బూరె ఎప్పుడూ ఎవరినీ కరవలేదు, నిజమే. కానీ ఎప్పుడూ అంతమంది కర్రలతో దాని చుట్టూ నిలబడలేదు కదా. బెదిరిన కుక్క ఏం చేస్తుందో ఎవరికి తెలుసు. ప్రెసిడెంటుగారు సరేనన్నారు. అమ్మమ్మ లోపలికి వచ్చి చద్దన్నం ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. పెంచింది నువ్వు, పెట్టాల్సింది నువ్వే అంది.

బూరె బయటికి రానని మొరాయించింది. తాడు పట్టి వాకిట్లోకి తెచ్చాను. కర్రలు చూడగానే దాని వీపు మీద వెంట్రుకలు లేచాయి, గొంతులో సన్నగా గుర్రుమంది. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. తాడున్నతను ముందుకు అడుగు వేశాడు. కదలొద్దన్నట్టు అమ్మమ్మ అతని వైపు చెయ్యి చాపింది. నేను నేల మీద కూర్చుని ముద్ద చాపాను. బూరె ముద్ద వైపు చూడలేదు. జనాన్నే చూస్తూ గుర్రుమంటోంది. ఇక అయిపోయిందనుకున్నాను. కళ్ళు మూసుకుని, రోజూ పిలిచినట్టే దాని పేరు పిలిచాను. కాసేపటికి నా మోకాలి మీద బరువు తెలిసింది. బూరె అన్నం ముట్టుకోకుండా తలకాయ నా ఒళ్ళో దాచుకుంది. ఆ తర్వాతే మెల్లగా నా వేళ్ళ సందుల్లో మెతుకులు నాకింది. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మమ్మ ఇంకో ముద్ద అరిటాకులో పెట్టుకుని కొబ్బరి కొట్టు వైపు నడిచింది. ఊరంతా వెనకాలే. పెద్దాయన మొదట నవ్వుతూనే నడిచారు. గుంజ దగ్గరికి వచ్చాక నవ్వు తగ్గింది. టైగర్ లేచి గొలుసు తెగేలా లాగుతూ మొరుగుతోంది, నోటి నుంచి నురగ కారుతోంది. ఆయన ముద్ద తీసుకుని అరిగిన నేల అంచు దాకా వెళ్ళారు. అక్కడ ఆగిపోయారు. అలవాటుగా ఆయన చెయ్యి గోడకి ఆనించిన వెదురు గెడ మీదకి పోయింది.

"గెడ వద్దండి" అంది అమ్మమ్మ. "చేత్తో."

ఆయన అక్కడే నిలబడ్డారు. చొక్కా వీపు మీద చెమటకి అంటుకుపోయింది. ఇంత ఊరు, ఆయన మాటకి ఎదురు చెప్పనివాళ్ళు, అందరూ చూస్తున్నారు. ఒక అడుగు వెయ్యబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. చివరికి ముద్ద విసిరేద్దామని చెయ్యి పైకెత్తారు.

ఆ చెయ్యి లేవగానే టైగర్ మొరగడం ఆపేసింది. తోక కాళ్ళ మధ్య ముడిచి, పొట్ట నేలకి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బ పడబోతోందని దానికి తెలుసు. ఆ ఎత్తిన చేతిలో అన్నం ఉండొచ్చన్న ఊహే దానికి లేదు. ముద్ద ముక్కు ముందు పడ్డాక కూడా చాలాసేపు కళ్ళు తెరవలేదు. ఇంత భయపడే జంతువుకి భయపడి మేము వంతెన దాటకుండా ఆగిపోయేవాళ్ళమా అని నాకు తోచింది.

"కాపలాకి పెంచానండి, ముద్దు చెయ్యడానికి కాదు" అన్నారు పెద్దాయన, ఎవరూ అడగకుండానే.

అప్పుడు జనంలోంచి నా స్నేహితురాలి వాళ్ళ నాన్న ముందుకొచ్చాడు. రాత్రంతా ఆస్పత్రిలో కూర్చుని అప్పుడే వచ్చాడు. ఆ కొట్టులో పనిచేసి బతికే మనిషి, పెద్దాయన ముందు ఎప్పుడూ తలెత్తి మాట్లాడి ఎరగడు. ఆ వేళ కూడా గొంతు పెంచలేదు.

"గుంజ కదులుతోందని చెప్పానండి" అన్నాడు. "మరి నా పిల్లని కరిచింది ఎవరండి?"

తాడు తెచ్చినతను దాన్ని చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ప్రెసిడెంటుగారు అక్కడికక్కడే తేల్చేశారు. పిల్ల సూదులు అయ్యేదాకా ఆస్పత్రికి రానూ పోనూ బండి, వైద్యం అన్నీ పెద్దాయనవే. కాపలా కుక్కను ఉంచుకునేవాడు గట్టి కంచె కట్టుకోవాలి. మా బూరె జోలికి ఎవరూ రాకూడదు. పెద్దాయన తల ఊపి కొట్టులోకి వెళ్ళిపోయారు. ఆయన్ని అంత చిన్నగా నేను ఎప్పుడూ చూడలేదు, కొంచెం జాలి కూడా వేసింది.

టైగర్‌కి పిచ్చి లేదని తేలింది. నా స్నేహితురాలు బతికింది, పిక్క మీద మచ్చతో. ఆ కుక్క మళ్ళీ మంచిదైపోయిందని చెప్పాలని నాకూ ఉంది గానీ, అలా జరగలేదు. పెద్దాయన దాన్ని వదిలించుకుంటానంటే అమ్మమ్మే ముందుకొచ్చి, కొట్టు దగ్గరే కంచె లోపల ఉంచమనీ తను చూసుకుంటాననీ చెప్పింది. రోజూ సాయంత్రం ఆ అరిగిన నేల అంచున పీట వేసుకుని కూర్చునేది. మిరపకాయలు లేని అన్నం పెట్టేది. వర్షాలన్నీ పోయి మంచు పడే వేళకి అది ఆవిడ ఒక్కదాన్నీ దగ్గరికి రానిచ్చింది. మెడకి గొలుసు కోసుకుపోయి పుండు పడితే ఆవిడే పసుపు రాసింది. అంతకు మించి బాగుపడలేదు. పసిపిల్లల్ని చూస్తే చివరిదాకా మీదికి ఉరికేది, అందుకని చివరిదాకా అమ్మమ్మ కంచె గడియ తనే చూసుకునేది. చెడగొట్టడానికి ఒక్క యేడు చాలిందే, బాగుచెయ్యడానికి దాని ఆయుష్షు చాలదు అని ఒకసారి నాతో అంది.

ఆవిడకి ఆ రోజు అంత పంతం ఎందుకొచ్చిందో నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. 'ఆ పుట్టుకే అంత' అన్న మాట కుక్కల గురించి అనకముందే మా పేట వాళ్ళ గురించి ఊళ్ళో అనేవారు. ఆ మాట వింటూ పెరిగి, వింటూనే ముసలిదైన మనిషి, తన గుమ్మంలో మళ్ళీ దాన్ని పడనిస్తుందా.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. 'వాడు రౌడీ టీచరుగారూ, వాళ్ళ వంశమే అంత' అని ఎవరో ఒకరు ప్రతి యేడూ ఒక పిల్లవాడిని నాకు అప్పగించేవారు. నేను బోర్డు మీద రాయడానికి మామూలుగా చెయ్యెత్తినప్పుడు ఆ పిల్లవాడి కళ్ళు చూసేదాన్ని. అవి గట్టిగా మూసుకుంటే, ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేదాన్ని.

ఇప్పుడు రాజమండ్రిలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. పై అంతస్తుల్లో ఎక్కడో ఉండే ఒక అబ్బాయి దూడంత విదేశీ కుక్కను తెచ్చాడు. అసోసియేషన్ వాట్సాప్‌లో రోజూ గొడవే. ఆ బ్రీడే ప్రమాదమని సగం మంది, ఏ బ్రీడూ చెడ్డది కాదని సగం మంది. నేను ఏదీ రాయలేదు. పెద్ద కుక్క కరిస్తే గాయం పెద్దదే, కాదనను. దాన్ని తెచ్చుకున్నవాడి పూచీ కూడా అంత పెద్దదే కదా. మొన్న లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల ఆ అబ్బాయి, కుక్క ఉన్నారు. నా వెనక ఉన్నావిడ తర్వాత వస్తానని ఆగిపోయింది. నేను ఎక్కాను. అది నన్ను చూసి పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. నా అంతస్తు నొక్కుదామని చెయ్యి పైకెత్తాను.

గుర్రు ఆగిపోయింది. అంత కుక్కా మూలకి ఒదిగి, కళ్ళు మూసుకుంది.

నేను కుక్కను చూడడం మానేసి ఆ అబ్బాయి వైపు తిరిగాను. "మీది ఏ ఫ్లోరు బాబూ?" అని అడిగాను. "సాయంత్రం మీ ఇంటికి వస్తాను."